15,532 సార్లు గుర్తుపెట్టుకున్న పిల్ల



ఈ వారం ఒక జపాన్ అనిమే గురించి. హాస్టల్లో రాత్రి పదకొండు దాటాక దుప్పటి కింద ఫోన్లో మీరేం చూస్తారో నాకు తెలుసు కాబట్టి, అనిమే అంటే ఏమిటో వివరించను. తెలియని పెద్దలుంటే ఇంట్లో పిల్లల్ని అడగండి. నేను చెప్పబోయేదాంట్లో యుద్ధాల్లేవు, రాక్షసుల్లేరు, కత్తుల్లేవు. ఐదుగురు ఇంటర్ ఈడు పిల్లలు వేసవి సెలవులు గడుపుతారు. అంతే. కాకపోతే అవే సెలవుల్ని వరసగా ఎనిమిది ఎపిసోడ్లు గడుపుతారు.

ఇప్పుడెందుకంటే, ఈమధ్య రెండు వేరువేరు చోట్ల దాదాపు ఒకే మాట విన్నాను. ఒక సెమినార్లో దళిత కవిత్వం మీద నా పేపర్ అయ్యాక ఒక పెద్దాయన లేచి, "అంతా బాగుందమ్మా, కానీ మీవాళ్లు అదే మళ్లీ మళ్లీ రాస్తున్నారు, కొత్త వస్తువు రావాలి" అన్నారు. రెండోది మనవాడే. జనవరి 17 రోహిత్ వర్ధంతి సభకు రమ్మంటే ఒక పీజీ కుర్రాడు, "ప్రతి ఏడూ అదే కదా మేడమ్" అన్నాడు. మొదటి మాటకు కోపం వచ్చింది. రెండోదానికి రాలేదు. వాడి గొంతులో ఉన్నది అలసట. ఆ రెండు మాటలూ ఒకటేనా, వేరువేరా అని తేల్చుకోవడానికి నాకు ఈ ఎనిమిది ఎపిసోడ్లు పనికొచ్చాయి.

సీరియల్ పేరు 'హరుహి సుజుమియా విషాదం'. జపనీస్‌లో 'యూఉత్సు' అన్న మాటకు దిగులు, నిరుత్సాహం అన్న అర్థాలున్నాయి, విషాదం అంటే కాస్త బరువెక్కుతుంది గానీ సర్దుకోండి. తానిగావా నాగారు రాసిన నవలల ఆధారంగా క్యోటో యానిమేషన్ స్టూడియో 2006లో తీసింది. 2009లో పాత ఎపిసోడ్లకు కొత్తవి కలిపి మళ్లీ ప్రసారం చేశారు. ఆ కొత్తవాటిలో వచ్చిందే 'ఎండ్‌లెస్ ఎయిట్'. నవలల వరసలో అదొక చిన్న కథ. టీవీలో ఒక్క ఎపిసోడ్‌కు సరిపోయే సరుకు. దాన్ని వాళ్లు వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు చూపించారు.

హరుహి అనే అమ్మాయికి లోకం తన ఇష్టం వచ్చినట్టు మారిపోయే శక్తి ఉంది. ఉన్న సంగతి ఆమెకు తెలియదు. స్కూల్లో 'ఎస్‌ఓఎస్ దళం' అని ఒకటి పెడుతుంది (దళం అనగానే మన ప్రాంతం వాళ్లకు వేరే గుర్తొస్తుంది, ఇది ఆ దళం కాదు). అందులో కథ చెప్పే క్యోన్ మామూలు కుర్రాడు. మిగతా ముగ్గురూ ఆమెను కనిపెట్టుకుని ఉండటానికి వచ్చినవాళ్లు. ఆసాహినా మికురు భవిష్యత్తు నుంచి. కొయిజుమి ఒక రహస్య సంస్థ నుంచి. నాగాతో యూకీ ఎక్కడో అంతరిక్షంలోని ఒక మహాబుద్ధి పంపిన మనిషి రూపం. ఎప్పుడూ పుస్తకం చదువుకుంటూ మూల కూర్చుంటుంది, అడిగితే తప్ప మాట్లాడదు. క్లాసులో వెనక బెంచీలో ఇలాంటి పిల్ల ఒకతె ఉంటుంది, హాజరు వేసేటప్పుడు మాత్రమే గొంతు వినిపిస్తుంది.

ఆగస్టు 17న కథ మొదలు. క్యోన్ ఇంట్లో కూర్చుని టీవీలో స్కూళ్ల బేస్‌బాల్ చూస్తుంటే హరుహి ఫోన్ చేస్తుంది. అందరూ ఈతకు వెళ్తారు. తర్వాత ఒక కాఫీ హోటల్లో కూర్చుని, సెలవులు అయిపోయేలోగా చేసి తీరాల్సిన పనుల జాబితా రాస్తుంది. బోన్ పండగ నాట్యం, టపాకాయలు, ఈలపురుగులు పట్టడం, కప్ప వేషాలు వేసుకుని దుకాణం ముందు కూలి పని, మేడ మీద టెలిస్కోపుతో చుక్కలు చూడటం, శ్మశానంలో ధైర్య పరీక్ష. ఒక్కొక్కటీ చేస్తారు, జాబితాలో కొట్టేస్తారు. ఆగస్టు 30న మళ్లీ హోటల్లో చేరతారు. ఇక చాలనుకుని హరుహి లేచి వెళ్లిపోతుంది. ఆమెను ఆపాలని క్యోన్ లోపల కొట్టుకుంటాడు. ఏమని ఆపాలో తెలియదు. 31 రాత్రి పన్నెండు కొడుతుంది. మళ్లీ ఆగస్టు 17.

మొదటి ఎపిసోడ్లో ఇదేమీ చూసేవాడికి తెలియదు. హాయిగా ఉంటుంది. రెండోదాంట్లో ఒక రాత్రి మికురు ఏడుస్తూ ఫోన్ చేస్తుంది. ఆమె తన భవిష్యత్తుతో మాట్లాడలేకపోతోంది. ఆగస్టు 31 తర్వాత కాలమే లేదు. అప్పుడు నాగాతోను అడుగుతారు. ఇది 15,498వ సారి అని చెబుతుంది. బస్సు నంబరు చెప్పినంత మామూలుగా చెబుతుంది. మిగతా అందరి జ్ఞాపకాలూ ప్రతిసారీ తుడిచిపెట్టుకుపోతాయి, ఎప్పుడైనా ఇది ముందే జరిగినట్టుందే అన్న అనుమానం మిగులుతుంది. ఆమెకు మాత్రం ప్రతి రోజూ గుర్తే. జాతరకు వెళ్లని సార్లు ఎన్ని, కూలి పనికి వెళ్లిన సార్లు ఎన్ని, అన్నీ లెక్క చెప్పగలదు. మరి మాకెందుకు చెప్పలేదు అంటే, తన పని గమనించడం అంటుంది.

ఎనిమిదో ఎపిసోడ్‌కు ఆ లెక్క 15,532. రెండు వారాల చొప్పున వేసుకోండి, దాదాపు 595 ఏళ్లు.

చూస్తే ఎలా ఉంటుంది? విసుగు. దాన్ని గొప్ప కళ అని పొగిడి మిమ్మల్ని మభ్యపెట్టను. రెండో ఎపిసోడ్‌కే విషయం తెలిసిపోయింది, విడుదల ఎనిమిదోదాంట్లో. మధ్యలో ఐదింట్లో కొత్త సమాచారం దాదాపు సున్నా. అదే ఈత, అదే కప్ప వేషం, అదే ఏడుపు ఫోను. అలాగని పాత బొమ్మల్నే తిప్పి వేశారా అంటే అదీ కాదు. ప్రతి ఎపిసోడ్‌నూ మళ్లీ గీశారు, గొంతులు మళ్లీ రికార్డు చేశారు. బట్టలు మారతాయి, కెమెరా చూసే కోణం మారుతుంది. జరిగేది మారదు. అప్పట్లో ప్రేక్షకులు మండిపడ్డారు. వారం వారం ఈసారైనా బయటపడతారా అని కూర్చుంటే మళ్లీ ఆగస్టు 17. ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు. అనిమే అభిమానుల దగ్గర ఈ పేరు ఎత్తి చూడండి.

నాలుగో ఎపిసోడ్ దగ్గర నాకొకటి జరిగింది. కథలో చూడటానికి ఏమీ మిగలక, నాగాతోను చూడటం మొదలుపెట్టాను. మిగతా నలుగురూ ఈత కొలను దగ్గర కేరింతలు కొడుతుంటే ఆమె ఎక్కడుంది, ఏం చేస్తోంది? జాతరలో అంగడి ముందు నిలబడి ముఖానికి పెట్టుకునే బొమ్మ కొనుక్కుంటుంది. ఎన్నోసారి కొంటోందో ఆమెకు తెలుసు. మిగతావాళ్లకు అదే మొదటి బొమ్మ. ముఖంలో మార్పేమీ ఉండదు. ఉండదని తెలిసీ వెతుకుతాం. మధ్యలో ఆ ఐదు ఎపిసోడ్లు లేకపోతే ఆమె వైపు అంతసేపు ఎవరం చూసి ఉండేవాళ్లం కాదు. 15,498 అని వినడం వేరు. ఐదుసార్లు కూర్చోవడం వేరు. మనకు పంచిన వాటా 15,532లో ఎనిమిది. అది కూడా మోయలేక తిట్టుకున్నాం.

కాలం చుట్టూ తిరిగే కథలు లోకంలో చాలా ఉన్నాయి. 1993 నాటి హాలీవుడ్ సినిమా 'గ్రౌండ్‌హాగ్ డే'లో గుర్తుండేది హీరోకి. తిరిగిన ప్రతిసారీ వాడు ఏదో ఒకటి నేర్చుకుంటాడు, పియానో వాయిస్తాడు, మంచివాడవుతాడు, చివరికి అమ్మాయి దక్కుతుంది. ఊరి జనమంతా వాడు మంచివాడు కావడానికి వాడుకున్న నోటుబుక్కు. 2021లో వచ్చిన తమిళ 'మానాడు' నాకు ఇంకా నచ్చింది. అందులో కాలపు ఉచ్చులో పడ్డవాడు ఒక ముస్లిం యువకుడు, పేరు అబ్దుల్ ఖాలిక్. అతని మీదికి నేరం నెట్టి అల్లర్లు రేపే కుట్రను ఆపడానికి చచ్చి చచ్చి బతుకుతుంటాడు. వెంకట్ ప్రభు చేసిన తెలివైన పని ఏమిటంటే, కుట్రలో ఉన్న పోలీసు అధికారికి కూడా గుర్తుండేలా చేశాడు. అక్కడ జ్ఞాపకం ఆయుధం, ఇద్దరి చేతుల్లోనూ ఉంది.

'ఎండ్‌లెస్ ఎయిట్'లో జ్ఞాపకం పంచిన తీరు అలా ఉండదు. ఎవరి కోసం లోకం మళ్లీ మళ్లీ మొదలవుతోందో ఆమెకు ఏమీ తెలియదు. ప్రతిసారీ కొత్త సెలవులు, కొత్త ఉత్సాహం. తన చుట్టూ ఉన్నవాళ్లు 595 ఏళ్లు తన కోరిక తీర్చడంలో గడిపారని కలలో కూడా అనుకోదు. మధ్యలో ఉన్నవాళ్లకు అప్పుడప్పుడు అనుమానం. భారం మొత్తం ఒక్కతి మీద. ఆ ఒక్కతికి మాట్లాడే అధికారం లేదు. ఇది చూసినప్పుడు ఒక దళితురాలికి ఏం గుర్తొస్తుందో చెప్పక్కర్లేదు గానీ, చెబుతాను.

ఎవరైనా ఇక్కడ, జనం చచ్చిన ఊళ్ల పక్కన కార్టూన్ పెడతావా అనొచ్చు. పెడతాను. పురాణాల పక్కన పెట్టి చదివితే లేని అభ్యంతరం దీనికెందుకు?

కారంచేడు 1985 జూలై 17, ఆరుగురు. చుండూరు 1991 ఆగస్టు 6, ఎనిమిది మంది. లక్షింపేట 2012 జూన్ 12, ఐదుగురు. ఈ తేదీలు మన ఇళ్లల్లో పిల్లలకు కూడా నోటికొస్తాయి. పక్క వీధిలో అడగండి, "ఎప్పుడో జరిగిందిగా, ఇప్పుడలాంటివి ఎక్కడున్నాయి" అంటారు. వాళ్లు అబద్ధం ఆడటం లేదు. వాళ్లకు నిజంగా ఆగస్టు 17 ఉదయమే. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది, 2014 ఏప్రిల్లో హైకోర్టు అందరినీ వదిలేసింది. గోనె సంచుల్లో కుక్కిన శవాలను తుంగభద్ర కాలవలో వెతికినవాళ్లకు ఆ రోజు గడియారం ఎక్కడికి తిరిగిందో ఊహించుకోండి. రోహిత్ సంగతి చూడండి. 2016లో అతను చనిపోయాక మొదట రేపిన గొడవ అతని కులం ఏమిటని. ఎనిమిదేళ్ల తర్వాత, 2024లో బయటికొచ్చిన పోలీసుల మూసివేత నివేదిక ఎక్కడ మొదలుపెట్టింది? అతని కులం ఏమిటని. తర్వాత గొడవైతే మళ్లీ విచారిస్తామన్నారు. మళ్లీ ఈత కొలను, మళ్లీ జాబితా.

లెక్క పెట్టేవాళ్లు లేక కాదు. జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా లెక్క ఇస్తుంది. ఎస్సీల మీద నేరాలు 2021లో 50,900, 2022లో 57,582. నాగాతో గొంతులాగే ఉంటుంది ఆ పుస్తకం గొంతు. గమనించడం దాని పని.

ఇప్పుడు సెమినార్ పెద్దాయన మాటకు వస్తాను. తెలుగులో పీహెచ్‌డీ చేసినదాన్ని కాబట్టి ఆయనకు తెలుగులోంచే జవాబు చెప్పాలి. మళ్లీ మళ్లీ రాయడం తప్పని మన సాహిత్యం ఎప్పుడు అంది? రామాయణం ఎన్ని తెలుగుల్లో ఎన్నిసార్లు వచ్చింది? రంగనాథం, భాస్కరం, మొల్ల, ఆ తర్వాత లెక్కలేనన్ని. ఇరవయ్యో శతాబ్దంలో విశ్వనాథ సత్యనారాయణ మళ్లీ రాస్తూ, మళ్లీ రామాయణం ఎందుకు అన్న ప్రశ్నను 'కల్పవృక్షం' మొదట్లోనే తానే వేసుకున్నారు. లోకం రోజూ తిన్న అన్నమే తింటోంది కదా, నా అనుభవం నాది కదా అన్న తరహాలో జవాబిచ్చుకున్నారు. చక్కటి జవాబు. క్లాసులో చెప్పేటప్పుడు నాకూ ఇష్టం. 1970 సంవత్సరానికి జ్ఞానపీఠ్ కూడా ఆ కావ్యానికే వచ్చింది.

మరి 1995లో 'చిక్కనవుతున్న పాట' వచ్చి ముప్పై ఏళ్లు. 2003లో 'నల్లపొద్దు' వచ్చి ఇరవై దాటాయి. రాముడి అరణ్యవాసం వెయ్యోసారి రాస్తే అది పరంపర. ఊరి బయటి వాడ గురించి వందోసారి రాస్తే అది వస్తు దారిద్ర్యం. రోజూ తినే అన్నం మాట ఆయన అంటే కవిత్వం, రోజూ దొరకని అన్నం మాట మనం అంటే నినాదం! రామాయణం రాసేవాళ్లకు ఆపే స్వేచ్ఛ ఉంది. అది ఎప్పుడో జరిగిపోయిన కథ. మనది ఇంకా జరుగుతోంది. పెద్దాయనకు విసుగొచ్చింది నిజమే. ఆ విసుగు ఎనిమిది ఎపిసోడ్లు చూసినవాడి విసుగు. తిట్టాల్సింది ఎవరినో తెలియక గీసినవాణ్ని తిట్టాడు.

అలాగని మనం రాసిందంతా బాగుందనను. ప్రతి ఎపిసోడ్‌నూ కొత్తగా గీయడానికి ఒళ్లు వంచాలి. పాత పద్యంలో ఊరిపేరు మార్చి పోస్టు పెట్టేవాళ్లు మనలో ఉన్నారు. ఒక అత్యాచార వార్త రాగానే గంటలో కవిత తయారు, అందులో చనిపోయిన పిల్ల చెప్పు రంగు కూడా ఉండదు. బట్టలు మారాలి, కోణం మారాలి. ఒకే దుఃఖం రెండుసార్లు ఒకేలా ఉండదని చూసేవాడికి తెలియాలి. క్యోటో వాళ్లు ఆ కష్టం పడ్డారు.

ఇక ఈ కథతో నాకున్న పెద్ద తగాదా. ఉచ్చులోంచి ఎలా బయటపడాలి? ప్రతిసారీ వాళ్లు వేసే ప్రశ్న ఒక్కటే. హరుహికి ఏం తక్కువైంది? ఆమె మనసులో తీరని కోరిక ఏమిటి? కొయిజుమి నవ్వుతూ క్యోన్‌కు సలహా ఇస్తాడు, వెనకనుంచి కౌగిలించుకుని ప్రేమిస్తున్నానని చెవిలో చెప్పు అని. సరదాకే అంటాడు గానీ అతని రాజకీయమంతా అందులో ఉంది. అతని సంస్థకు ఆమె దేవుడితో సమానం. ఆమెకు చిరాకు వస్తే లోకం కూలిపోవచ్చు. కాబట్టి ఆమెను నొప్పించకూడదు, ఆమెకు నిజం తెలియకూడదు, సంతోషంగా ఉంచుతూ పోవాలి. దొరగారి మనసు నొచ్చుకోకుండా చూసుకోండిరా అని మన తాతలకు చెప్పిన మాట ఇదే. ఎనిమిది ఎపిసోడ్లలో ఒక్కరంటే ఒక్కరు హరుహి ముందు నిలబడి, "నువ్వు చేస్తున్నదిది, మేమిలా అయిపోయాం" అనరు.

కొయిజుమిని పిరికివాడని కొట్టిపారేయలేను. చెబితే ఏమవుతుందో మనకు తెలుసు. కారంచేడులో మంచినీళ్ల చెరువు దగ్గర నీళ్లు పాడుచేయొద్దన్న కుర్రాణ్ని కొడుతుంటే మున్నంగి సువార్త అడ్డుపడింది. తన మీదికొస్తే చేతిలోని బిందె ఎత్తింది. అదీ ఆమె చేసిన నేరం. తెల్లారేసరికి మాదిగ పల్లె మీద పడ్డారు. లోకం కూలిపోవడం కథలో ఊహ, అక్కడ మర్నాడే. కొయిజుమి భయం అర్థమవుతుంది. కానీ ఆ బిందె ఎత్తకపోతే ఏమయ్యేదో కూడా ఆలోచించండి. 15,533వ సారి అవే మురికి నీళ్లు. ఆ తర్వాత కారంచేడు మాదిగలు చీరాలకు వెళ్లిపోయారు. బతిమాలినా, పునరావాసం అన్నా ఊరికి తిరిగి రామన్నారు. దళిత మహాసభ అక్కడ పుట్టింది. ఉచ్చులోంచి బయటపడటానికి వాళ్లు దొర కోరిక ఏమిటని వెతకలేదు.

ఎనిమిదో ఎపిసోడ్లో విడుదల ఎలా వస్తుందంటే, హరుహి హోటల్లోంచి లేచి వెళ్లబోతుంటే క్యోన్ ఒక్కసారిగా అరుస్తాడు. నా హోంవర్క్ ఇంకా అయిపోలేదు, అది కాకుండా నా సెలవులు అయిపోవు అని! అందరూ మా ఇంటికి రండి, కలిసి చేద్దాం అంటాడు. హరుహికి తన హోంవర్క్ ఎప్పుడో అయిపోయింది. అయినా వస్తుంది. ఆగస్టు 31న ఐదుగురూ క్యోన్ గదిలో పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటారు. మర్నాడు సెప్టెంబర్ 1.

ఇది చూడగానే మన పిల్లల్లో కొందరు, "చూశారా మేడమ్, చదువే విముక్తి, బాబాసాహెబ్ చెప్పిందే" అంటారు. ఆగండి. క్యోన్ హోంవర్క్ చేయడం వల్ల ఉచ్చు తెగలేదు. వాడు ఒక్కడే గదిలో కూర్చుని చేసుకుంటే మళ్లీ ఆగస్టు 17 వచ్చేదే. వాడు అప్పటిదాకా ఆమె లోటు ఏమిటని వెతికాడు, ఆ క్షణంలో తన లోటు గట్టిగా చెప్పాడు. పని అయిపోయినవాళ్లు, పని మిగిలినవాళ్ల ఇంటికి వచ్చి నేల మీద కూర్చున్నారు. అంబేడ్కర్ చదువు, పోరాటం, సంఘటితం అని మూడు మాటలు చెప్పింది ఇందుకే, ఒకటి మాత్రమే పట్టుకుని కోచింగ్ సెంటర్ బోర్డు మీద రాసుకోవడానికి కాదు. ఇంతా అయ్యాక కూడా హరుహికి ఏమీ తెలియదన్నది గుర్తుంచుకోండి. విడుదల వచ్చింది. న్యాయం రాలేదు. కథ ఆ తేడా చెప్పకుండా దాటేసింది.

దాటేసిందని అనుకున్నాను గానీ, 2010 ఫిబ్రవరిలో వచ్చిన సినిమా ఆ బాకీ కొంత తీర్చింది. పేరు 'హరుహి సుజుమియా అదృశ్యం'. ఈసారి లోకాన్ని మార్చేది హరుహి కాదు, నాగాతో. డిసెంబర్ 18 ఉదయం క్యోన్ స్కూలుకు వెళ్లేసరికి హరుహి ఆ స్కూల్లో లేదు. ఎవరికీ ఏ శక్తులూ లేవు. నాగాతో ఒక మామూలు పిల్ల, కళ్లద్దాలు పెట్టుకుని, సిగ్గుపడుతూ, ఎవరైనా పలకరిస్తే ఎర్రబడే పిల్ల. తనలో పేరుకుపోయిన 'లోపాలు' ఒకరోజు పొంగి, హరుహి శక్తిని లాక్కుని, తనకు కావాల్సిన లోకం కట్టుకుంది. అందులో తన నుంచి తానే జ్ఞాపకాలు తీసేసుకుంది. ఆ అంతులేని ఆగస్టు ఆమెను ఏం చేసిందో క్యోన్‌కు అప్పుడు తలకెక్కుతుంది.

అక్కడ వాడిన మాట చూడండి, లోపం. యంత్రం భాషలో లోపం. మనం దాన్ని అలసట అంటాం, ఒంటరితనం అంటాం, కోపం అంటాం. వందల ఏళ్లు చూస్తూ, రాస్తూ, నోరెత్తకుండా ఉన్న మనిషి ఒకరోజు నోరెత్తితే, పంపినవాళ్లకు అది పరికరంలో చెడు. నాగాతోకు శిక్ష వేయాలని పైవాళ్లు ఆలోచిస్తుంటారు. మన కవిత్వంలో ఆవేశం ఎక్కువ, శిల్పం తక్కువ అన్నప్పుడల్లా ఇకమీదట నాకు ఈ మాటే వినిపిస్తుంది. క్యోన్ మాత్రం ఆసుపత్రి మేడ మీద ఆమె చేయి పట్టుకుని, నిన్ను మాయం చేయాలని చూస్తే నేను హరుహికి అంతా చెప్పి లోకాన్ని తలకిందులు చేయిస్తానని మీవాళ్లకు చెప్పు అంటాడు. ఎట్టకేలకు ఒకడు, చెప్పేస్తాను అన్నాడు.

ఈ సినిమాకు ఇద్దరు దర్శకులు. వారిలో తకెమోతో యసుహిరో ఇప్పుడు లేరు. 2019 జూలై 18న ఒకడు ఆ స్టూడియోలో పెట్రోలు పోసి నిప్పంటిస్తే చనిపోయిన 36 మందిలో ఆయన ఒకరు. ఆ స్టూడియో పేరు తలుచుకునేటప్పుడు ఈ సంగతి వదిలేయలేను.

పీజీ తమ్ముడూ, ఇప్పుడు నీ మాట. ప్రతి ఏడూ అదే సభ, అవే పాటలు, వేదిక మీద అవే ముఖాలు. నిజమే. నీకు విసుగు రావడం తప్పు కాదు. అయితే తిరగడంలో రెండు రకాలున్నాయి. ఒకటి తుడిచేస్తూ తిరిగేది, హరుహిది. రెండోది తుడవనివ్వకుండా తిరిగేది. చుండూరులో చనిపోయినవాళ్లను ఊరవతల పూడ్చలేదు. ఊరి నడిబొడ్డున పూడ్చి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. ఏటా ఆగస్టు 6న అక్కడ చేరతారు. ఆ దారిన పోయేవాడు ఎవడైనా సరే, ఆ సమాధుల్ని చూడకుండా బజారుకు పోలేడు. జ్ఞాపకం ఒక్క నాగాతో నెత్తిన కాకుండా ఊరందరి కళ్లముందు పెట్టడం అది. కథలో వస్తుందే బోన్ నాట్యం, అది కూడా పోయిన పెద్దల కోసం ఏటా ఆడే ఆట. అంతులేని ఆగస్టులో దాన్ని జాబితాలో ఒక పనిలా కొట్టేసుకుంటూ పోయారు, ఎందుకు ఆడుతున్నామో ఎవరూ తలుచుకోలేదు. మన సభ అలా కొట్టేసే పని అయిపోతోందనే కదా నీ బాధ. నేను ఒప్పుకుంటాను.

అందుకని ఈసారి జనవరి 17కు ఒక ప్రతిపాదన. ఉపన్యాసాలు రెండుకు మించొద్దు, నాదైతే అసలు వద్దు. దానికి బదులు ఒక్కొక్కరూ లేచి, తమ డిపార్ట్‌మెంట్లో అయిపోని పని ఒకటి చెప్పాలి. ఎన్ని నెలల స్కాలర్‌షిప్ ఆగింది, ఎవరి గైడు ఎన్నాళ్లుగా సంతకం పెట్టడం లేదు, ఏ కమిటీకి ఇచ్చిన అర్జీ ఏ తేదీ నుంచి ఏ బల్ల మీద ఉంది. పేర్లు, తేదీలతో చెప్పాలి. ఒకరు రాసుకోవాలి. వచ్చే ఏడు ఆ కాగితం తీసి, ఏది తెగింది, ఏది తెగలేదు అని అక్కడినుంచే మొదలుపెట్టాలి, మొదటి పేజీ నుంచి కాదు. పని అయిపోయినవాళ్లు, ఉద్యోగాల్లో కుదురుకున్నవాళ్లు, నాలాంటివాళ్లు వచ్చి నేల మీద కూర్చోవాలి. కుర్చీలు వేయించొద్దు.

కాగితం రాసే పని ఒక్కరి మీదే వేయకండి. మనలో నాగాతోలు ఇప్పటికే చాలామంది ఉన్నారు, ఎక్కువమంది ఆడపిల్లలు. మినిట్స్ రాసేది వాళ్లే, ఫైళ్లు దాచేది వాళ్లే, ఫొటోలో వెనక వరసలో నిలబడేదీ వాళ్లే. ఈ ఏడు వంతులు వేసుకుందాం.

సభకు ముందు హాస్టల్ టీవీ రూములో ఎపిసోడ్లు వేద్దామని కొందరు అడిగారు, వేద్దాం. రోజుకొకటి చొప్పున ఎనిమిది రోజులు. రెండోది, ఎనిమిదోది చూసేసి సినిమాకు దూకుతామంటే మాత్రం కుదరదు.